ఫిలిపినోలో డిగ్రీ చదవాలనుకుంటున్న మేనకోడలికి

లాస్యా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న దావావోలో మన తెలుగు మెడికల్ స్టూడెంట్లకి మెస్ నడిపే మీ నాన్నకి, కూతురు మెడిసిన్ వద్దు, ఆ దేశపు జాతీయ భాష ఫిలిపినోలో బీఏ చేస్తానంటే టెన్షన్ రావడం సహజమే, అన్నయ్యతో నేను విడిగా మాట్లాడతాను, ఆ సంగతి నాకు వదిలెయ్యి. నాకు పట్టింది నువ్వు చివర్లో, మీ దావావోలో మాట్లాడే బిసాయా (సెబువానో అని కూడా అంటారు) గురించి రాసిన ముక్క: "నా ఫిలిపినోలో బిసాయా యాస ఉంది అత్తా, మనీలా పిల్లల ముందు నోరు తెరవగలనా" అన్నావు చూడు, అది.

ఏళ్ళ తరబడి మనీలా కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెప్పినదాన్ని కాబట్టి ఉన్నమాట చెప్తాను. ఎగతాళి ఉంటుంది. నువ్వు ఇ, ఎ తారుమారు చేస్తే నవ్వేవాళ్ళుంటారు, టీవీ సీరియళ్ళలో పనిమనిషి పాత్రకి బిసాయా యాస పెట్టి నవ్వించిన అలవాటు ఆ ఊరికి ఇంకా పోలేదు. కానీ క్లాసులో వ్యాకరణం మొదలయ్యాక లెక్క మారుతుంది. మనీలా వైపు మాట్లాడే, ఫిలిపినోకి ఆధారమైన టగాలోగ్ క్రియల పద్ధతి గురించి ప్రపంచంలో భాషాశాస్త్రం చదివేవాళ్ళంతా దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు: కొన్నవాళ్ళ గురించి చెప్తున్నామా, కొన్న వస్తువు గురించా, ఎవరి కోసం కొన్నామో వాళ్ళ గురించా అన్నదాన్ని బట్టి క్రియ రూపమే మారిపోతుంది. "బినిలి కో ఆంగ్ ఇస్డా" (ఆ చేప నేను కొన్నాను) అని పుట్టినప్పటి నుంచి అంటున్న మనీలా పిల్లకి అందులో ఆలోచించాల్సింది ఏముందో తెలియదు. నువ్వు ఇంటి బయట అదే మాటని బిసాయాలో "గిపలిత్ నాకో ఆంగ్ ఇస్డా" అంటూ పెరిగావు, బడిలో ఫిలిపినో నేర్చుకున్నావు. రెండు పద్ధతులు పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడగలిగిన పిల్లకి ఆ క్లాసులో ఉన్న సుఖం ఇంకెవరికీ ఉండదు. తెలుగు కూడా ఉంది కదా, అది ఇంకో కుటుంబం భాష, అదీ పనికొస్తుంది.

ఇంకొకటి, నిన్ను ఎవరైనా "సరైన ఫిలిపినో" పేరుతో తక్కువ చేస్తే ఈ చరిత్ర గుర్తుపెట్టుకో. 1937 చివర్లో అధ్యక్షుడు కేసోన్ ప్రభుత్వం జాతీయ భాషకి టగాలోగ్‌ని ఆధారంగా ప్రకటించింది, సెబువానో మాట్లాడేవాళ్ళ అసంతృప్తి ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. 1959లో ఆ జాతీయ భాషకి పిలిపినో అని పేరు పెట్టారు. 1987 రాజ్యాంగం ఫిలిపినోని జాతీయ భాషగా చెప్తూ, దేశంలో ఉన్న మిగతా భాషల ఆధారంగా కూడా అది ఎదగాలని స్పష్టంగా రాసింది. అంటే నీ బిసాయాకి అక్కడ చోటు ఉంది, ఎవరూ దయతలచి ఇవ్వక్కర్లేదు. థీసిస్ దావావో మీదే చెయ్యి. అక్కడి టగాలోగ్, బిసాయా ఎలా కలిసిపోతున్నాయో నీకంటే బాగా ఎవరు వినగలరు?

ఇక ఏ డిగ్రీ అన్నది. టీచర్ కోర్సు, అంటే ఫిలిపినో మేజర్‌తో బీఎస్‌ఈడీ, దానికి మనీలాలో ఫిలిప్పీన్ నార్మల్ యూనివర్సిటీకి మంచి పేరుంది. కానీ నీది ఇండియన్ పాస్‌పోర్టు. స్కూల్లో చెప్పాలంటే లైసెన్సు పరీక్ష రాయాలి, ఆ చట్టం ప్రకారం విదేశీయులకి రెండు దేశాల మధ్య పరస్పర వెసులుబాటు ఉంటేనే అవకాశం. అది తేల్చుకోకుండా నాలుగేళ్ళు పెట్టొద్దు. యూపీ (యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్) డిలిమన్ క్యాంపస్‌లో బీఏ ఫిలిపినో నీకు సరిపోతుందని నా అభిప్రాయం, సాంతా మేసాలో ఉన్న పాలిటెక్నిక్ యూనివర్సిటీలో ఫిలిపినోలజీ, అంటే ఫిలిపినో భాషా సంస్కృతుల కోర్సు, కూడా చూడు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేకుండా చేసిన 2017 చట్టం ఆ దేశ పౌరుల కోసం, కాబట్టి నీకు ఫీజు ఎంత పడుతుందో రిజిస్ట్రార్‌ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకో, మీ నాన్నతో మాట్లాడేటప్పుడు ఆ అంకె చేతిలో ఉండాలి.

ఉద్యోగం గురించి తీపి మాటలు చెప్పను. 2013లో ఉన్నత విద్యా కమిషన్ ఇచ్చిన ఉత్తర్వుతో కాలేజీల్లో అందరూ చదవాల్సిన సబ్జెక్టుల్లోంచి ఫిలిపినో పోయింది. టీచర్లు తంగ్గోల్ వికా పేరుతో ఏకమై కోర్టుకెళ్ళారు, 2015లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2018లో చివరికి ఉత్తర్వునే సమర్థించింది. ఎన్ని డిపార్ట్‌మెంట్లు చిక్కిపోయాయో తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. అందుకే కాలేజీ ఉద్యోగం ఒక్కదాన్నే నమ్ముకోకు. అనువాదం నేర్చుకో, అదీ చట్టం, వైద్యం లాంటి వాటిలో. అమెరికాలో ఇంట్లో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో టగాలోగ్ ముందు వరసలో ఉంటుంది, అక్కడి ఆసుపత్రుల్లో, కోర్టుల్లో దుబాసీలు కావాలి. టోక్యో, ఒసాకాల్లో విదేశీ భాషల కింద ఫిలిపినో చెప్తారు, హవాయి యూనివర్సిటీ మనోవా క్యాంపస్‌లో డిగ్రీయే ఉంది. పైచదువుకి అటు చూడొచ్చు. ఫిలిప్పీన్స్‌లోనే కాలేజీలో చెప్పాలంటే మాత్రం ఎంఏ లేకుండా కుదరదు.

చదువుతూనే స్పానిష్ కొంచెం పట్టుకో. మాట్లాడక్కర్లేదు, చదవగలిగితే చాలు. 1593లో మనీలాలో అచ్చైన క్రైస్తవ బోధల పుస్తకంలో స్పానిష్, టగాలోగ్ రెండూ ఉన్నాయి, ఆ తర్వాత ఫాదరీలు రాసిన నిఘంటువులు, వ్యాకరణాలన్నీ స్పానిష్‌లోనే. ఆ దేశం జాతీయ వీరుడిగా కొలిచే రచయిత రిజాల్ నవలలు రెండూ మూలంలో స్పానిషే. అనువాదాల మీద ఆధారపడి థీసిస్ రాసిన పిల్లలు ఎక్కడ ఇరుక్కుంటారో నేను చాలామంది దగ్గర చూశాను.

యూపీ ప్రవేశ పరీక్షలో చదివి అర్థం చేసుకునే ప్రశ్నలు ఇంగ్లీషులోనూ ఫిలిపినోలోనూ వస్తాయి, సైన్సు, లెక్కలు కూడా ఉంటాయి, వాటిని వదిలెయ్యకు. రోజూ ఫిలిపినోలో ఒక పేజీ నీ సొంతంగా రాసి నాకు ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను. బిసాయా మాటలు దొర్లితే దొర్లనీ, వాటి కింద గీత మాత్రం పెట్టు.

మీ అత్త