ఎయిర్ డయాఫ్రమ్ పంపు మాటిమాటికీ డయాఫ్రమ్ చింపేస్తుంటే ముందు సక్షన్ చూడండి

మీరు అడిగింది ఇదీ: ఈటీపీలో (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) గుంట నుంచి ఫిల్టర్ ప్రెస్‌కి (బురదని బట్టల మధ్య నొక్కి నీళ్లు వడగట్టే యంత్రం) స్లడ్జ్ (చిక్కటి బురద) తోసే 1 అంగుళం పాలీప్రొపిలీన్ ఎయిర్ పంపు, 5 హెచ్‌పీ కంప్రెసర్, గుంట లోతు 3 మీటర్లు. రెండు మూడు నెలలకే డయాఫ్రమ్ చిరుగుతోంది, మధ్యలో పంపు ఆగిపోతోంది. కొత్త డయాఫ్రమ్ ఎలా బిగించాలి, ఇదే పంపుతో సాల్వెంట్ డ్రమ్ములు కూడా ఖాళీ చేయొచ్చా అని.

డయాఫ్రమ్ నాణ్యత గురించి తర్వాత ఆలోచిద్దాం. రెండు మూడు నెలలకే పోతోందంటే తప్పు చాలావరకు సక్షన్ లైన్‌లో (ద్రవాన్ని పంపులోకి లాగే పైపు) ఉంటుంది, లేదా గాలి మరీ ఎక్కువ పెట్టి నడుపుతున్నారు.

పంపు లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. రెండు గదులు, ఒక్కో గదిని వెనక గాలి వైపు, ముందు ద్రవం వైపు అని విడదీసే రెండు రబ్బరు డయాఫ్రమ్‌లు, వాటిని మధ్యలో పట్టుకునే ప్లేట్లు, రెండింటినీ కలుపుతూ ఒకే షాఫ్ట్. గాలి ఒక డయాఫ్రమ్ వెనక చేరి దాన్ని బయటికి నెడుతుంది, అటు స్లడ్జ్ డెలివరీలోకి పోతుంది. అదే షాఫ్ట్ రెండో డయాఫ్రమ్‌ని లోపలికి లాగుతుంది, ఇటు సక్షన్. నెట్టేటప్పుడు రబ్బరుకి ఒక పక్క గాలి, ఇంకో పక్క ద్రవం దాదాపు ఒకే ప్రెషర్‌లో ఉంటాయి కాబట్టి దానికి పెద్ద కష్టం లేదు. కష్టమంతా లాగేటప్పుడే. వెనక గది మఫ్లర్ (వాడిన గాలి బయటికి పోయే చోట చప్పుడు తగ్గించే డబ్బా) గుండా బయటికి తెరిచి ఉంటుంది, ముందు గదిలో వాక్యూమ్ ఉంటుంది. స్లడ్జ్ సమయానికి రాకపోతే రబ్బరు, దాన్ని పట్టుకున్న ప్లేటు అంచు చుట్టూ ఎదురు తిరిగి ఉబ్బుతుంది. నిమిషానికి వంద సార్లు అలా ఎదురు మడత పడితే ఎంత ఖరీదైన డయాఫ్రమ్ అయినా అక్కడే తెగుతుంది.

అందుకే చిరిగినదాన్ని పారేయకుండా కడిగి వెలుతురులో పెట్టి చూడండి, కారణం దాని మీదే కనిపిస్తుంది. ప్లేటు అంచు వెంబడి గుండ్రంగా పగుళ్లు ఉంటే సక్షన్ చాలక గానీ ఖాళీగా వేగంగా కొట్టుకుని గానీ పోయింది. ఒకే చోట పొడుచుకున్నట్టు చిల్లు ఉంటే గట్టి ముక్క ఏదో లోపలికి వచ్చింది, లేదా గదిలో స్లడ్జ్ గడ్డకట్టింది. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొత్తదానికంటే పెద్దదైపోతే అది కెమికల్ పని. గట్టిపడి, వంచితే చిట్లుతుంటే వేడి. ద్రవం తగిలే వైపు గీతలు పడి పలచబడితే ఇసుక రాపిడి. ఈ ఒక్క పరిశీలన మానేసి చాలామంది మూడు సెట్లు మార్చాక అప్పుడు కారణం వెతుకుతారు.

ఇక సక్షన్. రబ్బరు డయాఫ్రమ్ ఉన్న 1 అంగుళం పంపు లోపల పొడిగా ఉన్నా మామూలు నీళ్లని 4 మీటర్ల దాకా లాగుతుంది. టెఫ్లాన్ డయాఫ్రమ్ వేస్తే అది అంతగా వంగదు కాబట్టి ఈ లోతు ఇంకా తగ్గుతుంది. చిక్కటి స్లడ్జ్‌కి 3 మీటర్లంటే హద్దు దగ్గర నడుస్తున్నట్టే. వీలుంటే పంపుని కిందికి దించి గుంట అంచుకి ఒక ప్లాట్‌ఫారం మీద పెట్టండి. సరిపడా సైజు వేస్తే గాలి పైపుని ఎంత దూరమైనా తీసుకెళ్లొచ్చు, సక్షన్ పైపుని మాత్రం లాగలేం. సక్షన్ హోస్ లోపల తీగ చుట్టు ఉన్నదే కావాలి, మామూలు తోట పైపు వాక్యూమ్‌కి చప్పబడి మూసుకుపోతుంది. సైజు 1 అంగుళానికి తగ్గకూడదు, స్లడ్జ్‌కైతే ఒకటిన్నర అంగుళం వేసి పంపు దగ్గర తగ్గించుకోండి. ఎల్బోలు వీలైనంత తక్కువ ఉండాలి. ఫుట్ వాల్వ్ (హోస్ అడుగున ద్రవం వెనక్కి జారకుండా ఆపేది) అక్కర్లేదు, ఈ పంపు పైపులో గాలిని తనే తీసేసి ద్రవాన్ని లాక్కుంటుంది. ఫుట్ వాల్వ్ పెడితే స్లడ్జ్ పట్టుకునే చోటు ఇంకొకటి పెరుగుతుందంతే. దాని బదులు హోస్ చివర మీ పంపు భరించే సైజు రంధ్రాలున్న బుట్ట కట్టండి. 1 అంగుళం బాల్ వాల్వ్ పంపులు చాలావాటికి 3 మి.మీ. మించిన గడ్డ దాటదు, మీ మోడల్ మాన్యువల్‌లో ఆ అంకె ఉంటుంది.

ఎవరైనా దీన్ని ఎత్తైన ట్యాంకు కింద పెట్టి నడుపుతుంటే ఒక మాట. సక్షన్ వైపు ప్రెషర్ 0.7 బార్ దాటకూడదు, అంటే సుమారు 7 మీటర్ల నీటి మట్టం. అంతకు మించితే డయాఫ్రమ్ రెండో దిక్కుకి ఉబ్బుతుంది.

పంపుని లెవెల్‌గా, పోర్టులు నిలువుగా ఉండేలా బిగించాలి. ద్రవం వెనక్కి జారకుండా ఆపే వాల్వ్ బంతులు తమ బరువుతోనే సీట్ల మీద కూర్చోవాలి కదా. సక్షన్, డెలివరీ రెండు వైపులా అర మీటరు ఫ్లెక్సిబుల్ హోస్ ఉండాలి. నేరుగా ఇనుప పైపు బిగిస్తే ప్రతి స్ట్రోక్‌కీ అదిరి అదిరి ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ (పైపు బిగించే భాగం) మెడ దగ్గర పగులుతుంది. పైపు బరువు పంపు మీద పడకుండా సపోర్ట్ ఇవ్వండి.

గాలి విషయానికొస్తే మీ కంప్రెసర్ ఎంతకి చాలుతుందో లెక్క వేసుకోండి. ఒక లీటరు ద్రవం బయటికి పోవాలంటే ఒక లీటరు చోటు గాలితో నిండాలి. రెగ్యులేటర్ 4 బార్‌లో ఉంటే ఆ లీటరులో 5 లీటర్ల మామూలు గాలి ఉన్నట్టు. నిమిషానికి 50 లీటర్ల స్లడ్జ్ కావాలంటే 250 లీటర్ల గాలి, అంటే దాదాపు 9 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). నష్టాలు కలిపి 12 అనుకోండి. 5 హెచ్‌పీ కంప్రెసర్ నేమ్‌ప్లేట్ మీద 20 సీఎఫ్‌ఎం డిస్‌ప్లేస్‌మెంట్ (పిస్టన్ లాక్కునే గాలి) అని ఉన్నా ట్యాంకులోకి చేరేది అందులో 70–80 శాతమే. కాబట్టి 4 బార్, 50 లీటర్ల వరకు మీ కంప్రెసర్ చాలుతుంది. 6 బార్ పెట్టి వాల్వ్ పూర్తిగా తెరిస్తే చాలదు. ట్యాంకు ప్రెషర్ పడిపోయి, పంపు ఈడ్చి ఈడ్చి ఆగిపోతుంది.

గాలి లైన్‌లో వరస ఇలా ఉండాలి: ముందు బాల్ వాల్వ్, తర్వాత ఫిల్టర్, రెగ్యులేటర్, నీడిల్ వాల్వ్, చివరగా ఫ్లెక్సిబుల్ హోస్. ప్రెషర్‌ని రెగ్యులేటర్‌తోనూ, వేగాన్ని నీడిల్ వాల్వ్‌తోనూ వేరువేరుగా పెట్టుకోవాలి. ఇది చాలామంది చేయరు, రెగ్యులేటర్ ఒక్కటే తిప్పుతుంటారు. ఇప్పటి పంపులు చాలావాటికి లూబ్రికేటర్ అక్కర్లేదు. అవసరం లేని పంపుకి నూనె పోస్తే లోపలున్న గ్రీజు కొట్టుకుపోయి, దుమ్ముతో కలిసి స్పూల్ (గాలిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మళ్లించే కడ్డీ) మీద జిగురులా పేరుకుంటుంది.

మధ్యలో ఆగిపోవడానికి ఇంకో పెద్ద కారణం మంచు. మఫ్లర్ దగ్గర గాలి ఒక్కసారిగా విచ్చుకుని సున్నా డిగ్రీల కిందికి చల్లబడుతుంది, అందులో తేమ ఉంటే అక్కడే గడ్డకడుతుంది. వానాకాలంలో, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. గుర్తు ఏమిటంటే, ఆగిన పంపుని పది నిమిషాలు వదిలేస్తే తనంతట తనే మళ్లీ నడుస్తుంది. మఫ్లర్ విప్పి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. ఫిల్టర్ గిన్నెలో నీళ్లు రోజూ వదలండి, కంప్రెసర్ ట్యాంకు డ్రైన్ ప్రతి షిఫ్టుకీ తీయండి, ప్రెషర్ ఒక బార్ తగ్గించండి. రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ పెట్టినా 3 డిగ్రీల డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) దాకానే, కాబట్టి మంచు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

మంచు కాదనుకుంటే ఐదు నిమిషాల పరీక్ష ఒకటుంది. నీళ్లు పంపుతూ డెలివరీ వాల్వ్ మెల్లగా పూర్తిగా మూయండి, గాలి మాత్రం అలాగే ఉంచండి. ఇది 1:1 పంపు, 4 బార్ గాలికి 4 బార్‌ని మించి నెట్టలేదు, కాబట్టి వాల్వ్ మూసినా ఏమీ పగలదు. మంచి పంపు ఠక్కున ఆగి నిశ్శబ్దమవుతుంది. ఆగకుండా నెమ్మదిగా కొట్టుకుంటూనే ఉంటే బంతులో సీట్లో అరిగి, ద్రవం వెనక్కి జారుతోంది. ఆగింది కానీ మఫ్లర్ నుంచి గాలి సుయ్‌మంటూ వస్తూనే ఉంటే స్పూల్ సీల్ గానీ షాఫ్ట్ సీల్ గానీ పోయింది. మఫ్లర్ నుంచి స్లడ్జ్ చుక్కలు పడినా, డెలివరీలో గాలి బుడగలు వచ్చినా డయాఫ్రమ్ చిరిగినట్టే, ఇంక నడపకండి. ఆ స్లడ్జ్ గాలి వాల్వ్‌లోకి చేరితే 'ఎయిర్ ఎండ్' (గాలి వైపు భాగాల) కిట్ కూడా కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు బిగింపు. గాలి మూసి, లైన్ ఖాళీ చేసి, డెలివరీ వైపు ప్రెషర్‌ని కూడా మెల్లగా వదలండి. గాలి తీసేసినా ద్రవం గదిలో ప్రెషర్ నిలిచి ఉంటుంది, ముఖం మీద చిమ్ముతుంది. నీళ్లతో కడిగి, పంపుని తలకిందులు చేసి మిగిలింది వంచేయండి. మ్యానిఫోల్డ్, కవర్లు, మధ్య బ్లాకు మీదుగా మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. బంతి, సీటు, ఓ-రింగ్ ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫోటో తీయండి. రెండు పక్కల బయటి ప్లేట్లకి చెరో స్పానర్ పెట్టి ఎడమకి తిప్పితే ఏదో ఒక వైపు ఊడుతుంది, రెండోది షాఫ్ట్‌తో పాటు బయటికి వస్తుంది. దాన్ని విప్పడానికి షాఫ్ట్‌ని వైస్‌లో పట్టేటప్పుడు రెండు పక్కలా చెక్క ముక్కలు పెట్టండి. పైప్ రెంచ్ మాత్రం వేయొద్దు. షాఫ్ట్ మీద గోటికి తగిలేంత గీత పడినా కొత్త సీల్ వారంలో పోతుంది.

కొత్త డయాఫ్రమ్ మీద 'ఎయిర్ సైడ్' అని అచ్చు ఉంటుంది, ఆ ముఖం మధ్య బ్లాకు వైపుకి రావాలి. లోపలి ప్లేటుకి ఒక పక్క అంచు గుండ్రంగా ఉంటుంది, ఆ గుండ్రటి పక్కే రబ్బరుకి ఆనాలి. పదునైన పక్క ఆనితే కత్తితో కోసినట్టు గుండ్రంగా తెగుతుంది. బిగించే ముందు వేలితో ఆ అంచు తడిమి చూసుకోండి. రెండు డయాఫ్రమ్‌లూ ఒకేసారి మార్చాలి. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. 1 అంగుళం ప్లాస్టిక్ పంపుల్లో టార్క్ 10 న్యూటన్ మీటర్ల చుట్టూనే ఉంటుంది, ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. చేతి బలం కొద్దీ బిగిస్తే కవర్ పగులుతుంది. ప్లాస్టిక్ కాస్త కుంగుతుంది కాబట్టి ఒక రోజు నడిచాక మళ్లీ అదే టార్క్‌కి చూసుకోవాలి, ఆ తర్వాత నెలకోసారి.

మీ స్లడ్జ్ సున్నం కలిసిన ఆల్కలీ అనుకుంటున్నాను. దానికి సాంటోప్రీన్ (రబ్బరులా వంగే ప్లాస్టిక్) బాగుంటుంది, ఎక్కువ మడతలు తట్టుకుంటుంది. నూనె కలిసిన స్లడ్జ్ అయితే అది ఉబ్బుతుంది, నైట్రైల్ రబ్బరు వేయండి. టెఫ్లాన్ ఖరీదెక్కువ కదా, ఇంకా బాగుంటుందని వేయొద్దు, రాపిడికీ సక్షన్‌కీ అది సరిపోదు. పాలీప్రొపిలీన్ బాడీకి 65 డిగ్రీలు దాటిన వేడి ద్రవం పంపకండి.

ప్రెస్ నింపేటప్పుడు మొదట 2 బార్‌తో మొదలుపెట్టండి. బట్టల మీద కేక్ (బురద పొర) పలచగా సమంగా పట్టాక, పంపు వేగం తగ్గే కొద్దీ అర బార్ చొప్పున పెంచుతూ పోండి. మొదట్లోనే 6 బార్ కొడితే సన్నటి రేణువులు బట్ట రంధ్రాల్లో దిగబడిపోతాయి, పంపు ఊరికే పరుగెడుతుంది. స్ట్రోక్‌కీ స్ట్రోక్‌కీ మధ్య అర నిమిషం, నిమిషం పడుతోందంటే ప్రెస్ నిండినట్టే. పని అయ్యాక స్లడ్జ్‌ని పంపులో రాత్రంతా వదలొద్దు. ఐదు నిమిషాలు నీళ్లు తిప్పండి. అడుగున గట్టిపడిన స్లడ్జ్‌కి పొద్దున మొదటి స్ట్రోక్‌లోనే బయటి ప్లేటు గుద్దుకుని డయాఫ్రమ్ చిరుగుతుంది, ఒక్కోసారి షాఫ్ట్ కూడా వంగుతుంది.

సాల్వెంట్ డ్రమ్ముల సంగతి: ఈ పంపుతో వద్దే వద్దు. మామూలు పాలీప్రొపిలీన్ కరెంటుని తన గుండా పారనివ్వదు, టొలుయిన్, అసిటోన్ లాంటివి పారుతుంటే స్టాటిక్ పోగై నిప్పురవ్వ పుడుతుంది. దానికి ఎర్త్ బోల్టు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ పంపు కావాలి, డయాఫ్రమ్ టెఫ్లాన్ ఉండాలి, కండక్టివ్ హోస్ ఉండాలి. పంపు, డ్రమ్ము, పోసే పాత్ర మూడింటినీ ఒకే ఎర్త్‌కి కలపాలి. పని మొదలుపెట్టే ముందే క్లిప్ తగిలించాలి, అయ్యాకే తీయాలి. మఫ్లర్ పైపుని షెడ్డు బయటికి తీయండి, డయాఫ్రమ్ చిరిగిన రోజు సాల్వెంట్ ఆ దారినే వస్తుంది. అల్యూమినియం పంపు చవగ్గా దొరుకుతుంది కదా అని మిథిలీన్ డైక్లోరైడ్ లాంటి క్లోరిన్ ఉన్న సాల్వెంట్లకి వాడకండి. అల్యూమినియంతో అవి రియాక్ట్ అయి మూసి ఉన్న పంపులో ప్రెషర్ పెరిగి బాడీయే పేలొచ్చు.