‘అరిచేసి, తర్వాత నేనే ఏడుస్తున్నాను’

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు మూడున్నరేళ్ల బాబు, తొమ్మిది నెలల పాప ఉన్నారు. మావారు ప్రైవేటు ఉద్యోగం నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. అత్తమామలు ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్నారు. పాప పుట్టకముందు బాబు బుద్ధిగానే ఉండేవాడు. ఇప్పుడు ప్రతిదానికీ పేచీ పెడుతున్నాడు. పాలు స్టీలు గ్లాసులో పోస్తే కప్పు కావాలంటాడు, కప్పులో పోస్తే గ్లాసు కావాలని నేల మీద పడి దొర్లుతాడు. అన్నం నాలుగు ముద్దలకు మించి తినడు, పాలు మాత్రం ఎన్నిసార్లు ఇచ్చినా తాగుతాడు. నాన్న వచ్చేదాకా మేలుకుని ఉండి, పదిన్నరకు పడుకుంటాడు. ప్లేస్కూల్ కోసం పొద్దున ఏడింటికి లేపాలి, మధ్యాహ్నం పడుకోడు. నేను ఓపిక పట్టలేక అరుస్తున్నాను, ఒక్కోసారి చేయి చేసుకుంటున్నాను. వాడు నిద్రపోయాక ఆ ముఖం చూసి నేనే ఏడుస్తున్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అని అత్తగారు అంటారు. ఫోన్ చేసినవారంతా పాజిటివ్‌గా ఉండమంటారు. తోటివారి పిల్లలు వాట్సాప్ స్టేటస్‌లలో శ్లోకాలు చెబుతుంటే నేను మంచి తల్లిని కానేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, పాజిటివ్‌గా ఉండమని చెప్పినవారు మీ ఉత్తరంలో చాలామంది కనిపించారు గాని, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావని అడిగినవారు ఒక్కరూ కనిపించలేదు. తొమ్మిది నెలల పాపకు పాలిచ్చే తల్లి రాత్రి రెండు మూడు సార్లు లేవడం మామూలే. అలా తెగిపోతూ సాగిన నిద్ర నెలల తరబడి కొనసాగితే ఎంతటి సహనవంతులకైనా ఓపిక సన్నగిల్లుతుంది, చిన్న చప్పుడుకే చిరాకు పుట్టుకొస్తుంది. దాన్ని మీ స్వభావంలోని లోపంగా లెక్కించుకోవద్దు. సంతోషంగా కనిపించడానికి ప్రయత్నించడం కొంతకాలం పక్కన పెట్టి, ముందు మీకు నిద్ర దొరికే ఏర్పాటు చేసుకోండి. ఆ ఏర్పాటు మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు కనుక, దాని సంగతి మీ వారికి కూడా వర్తించేలా కింద రాస్తున్నాను.

ఇక బాబు విషయం. మూడున్నరేళ్ల పిల్లవాడికి తనకేం కావాలో బాగా తెలుసు, కానీ కావాలనుకున్నది దొరకనప్పుడు పొంగుకొచ్చే కోపాన్ని అదుపు చేసుకునే శక్తి ఇంకా రాలేదు. ఆ అదుపును చూసుకునే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. మారాం చేయడం ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో అతి సాధారణం. దానికి తోడు, మొన్నటిదాకా పూర్తిగా తనదే అయిన అమ్మ ఒడిలోకి ఒక చెల్లెలు వచ్చింది. ఆ వయసులో ‘నా దగ్గర కూర్చో అమ్మా’ అని చెప్పుకునే నేర్పు ఉండదు గనుక, గ్లాసూ కప్పూ పేరుతో గొడవ పడతాడు. పాప పుట్టకముందు బుద్ధిగా ఉండేవాడని మీరే రాశారు. మీ పెంపకం చెడిపోయి ఉంటే ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది వాడి నిద్ర లెక్క. రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడు దాకా అంటే ఎనిమిదిన్నర గంటలు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ బాబుకు రోజూ కనీసం గంటన్నర నిద్ర తక్కువ పడుతోంది. నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా తయారవుతారు, నిద్ర చాలని పిల్లలు మాత్రం తరచూ మరింత చురుగ్గా, మరింత మొండిగా తయారవుతారు. వాడి పేచీల్లో సగం ఇక్కడే మొదలవుతున్నాయని నా నమ్మకం. నాన్న కోసం ఎదురుచూడడం వాడికీ, ఆయనకీ ఎంత ఇష్టమైనా, ఆ ముచ్చటను ఉదయానికి మార్చండి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా దీపాలు తగ్గించి పడుకోబెడితే వాడు ఆరుంపావు, ఆరున్నరకే లేస్తాడు. అప్పటి నుంచి పళ్లు తోమడం, స్నానం, బట్టలు తొడగడం, ప్లేస్కూల్‌లో దింపడం నాన్న పని కావాలి. ఒక్కరోజులో ఇంత ముందుకు జరపడం సాధ్యం కాదు కాబట్టి, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున జరపండి.

సాయంత్రం వేళను కాస్త దగ్గరగా చూద్దాం. పాప చంకలో ఉంటుంది, కుక్కర్ పొయ్యి మీద ఉంటుంది, బాబు ఆకలితో, అలసటతో వచ్చి కొంగు పట్టుకుని లాగుతుంటాడు. ఏ ఇంట్లోనైనా అరుపులు ఎక్కువగా వినిపించేది ఈ సమయంలోనే. వంటకు దిగకముందే వాడికి ఒక అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో, వేయించిన పల్లీల పొడి కలిపిన అటుకులో పెట్టి, పది నిమిషాలు వాడి పక్కనే కూర్చోండి. పాప నిద్రపోయినప్పుడు ఇంటిపని కొంత వదిలేసి, రోజుకు పావుగంట వాడు చెప్పిన ఆటే ఆడండి. అంట్లు కాసేపు ఆగితే వచ్చే నష్టం లేదు. అయినా మారాం మొదలైందనుకోండి, ఆ క్షణంలో హితబోధ పనిచేయదు. చుట్టుపక్కల తగిలే వస్తువులు తీసేసి, వాడి ఎత్తుకు వంగి కూర్చుని, ‘నీకు కప్పే కావాలనిపించింది, కోపమొచ్చింది కదూ’ అని ఒక్క మాట అని, తర్వాత మౌనంగా ఉండండి. అడిగినదాన్ని ఏడుపు కోసం ఇవ్వవద్దు, ఏడ్చినందుకు కొట్టవద్దు. ఏడుపు దిగాక దగ్గరకు తీసుకోండి. గ్లాసా కప్పా అని పాలు పోయకముందే వాడినే అడిగితే, కొన్ని పేచీలు మొదలు కాకుండానే పోతాయి.

తిండి గురించి మీ బెంగను చాలావరకు తగ్గించగలను. పుట్టినప్పటి బరువు ఏడాది నిండేసరికి మూడింతలవుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ తొమ్మిది కిలోలకు చేరుతుంది. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది, రెండేళ్లు దాటాక ఏడాదికి రెండు కిలోలు పెరిగితే అది సరైన పెరుగుదలే. పెరిగే వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. మనం మాత్రం మొదటి ఏడాది ఆకలినే గుర్తుపెట్టుకుని గిన్నె నింపుతాం. అయితే మీ బాబు విషయంలో పాలను అదుపు చేయాలి. రోజుకు అర లీటరు మించితే కడుపు పాలతోనే నిండుతుంది, అన్నానికి చోటుండదు, పాలలో ఇనుము చాలా తక్కువ గనుక రక్తహీనత వచ్చే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో 6 నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఆకలి మందగించడం, చిరాకు రెండూ కనిపిస్తాయి. కాబట్టి పిల్లల డాక్టరు దగ్గర ఒకసారి హిమోగ్లోబిన్ చూపించి, బరువు, ఎత్తు చార్టులో గుర్తించమనండి. ఆ రెండూ సరిగా ఉంటే నాలుగు ముద్దల గురించి బాధపడకండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు నిర్ణయించండి, ఎంత తినాలో వాడికి వదిలేయండి.

మీ అత్తగారి సామెతకు నేను గౌరవంగానే సమాధానం చెబుతాను. మొక్కను చిన్నప్పుడే వంచాలన్న మాట నిజమే కావచ్చు, కానీ దెబ్బ వేస్తే మొక్క వంగదు, విరుగుతుంది. కొట్టిన పిల్లవాడు ఆ క్షణానికి ఆగుతాడు. ఆగింది భయంతో మాత్రమే. కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు చేయి ఎత్తుతారని నేర్చుకుని, అదే చెల్లెలి మీద చేసి చూపిస్తాడు. ఈ విషయంలో సర్దుబాటుకు నేను ఒప్పుకోను. చేయి లేస్తోందనిపించినప్పుడు పాపను ఉయ్యాలలో భద్రంగా ఉంచి, బాబు ఏడుస్తున్నా సరే, రెండు నిమిషాలు గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడి రండి. భద్రంగా ఉన్న పిల్లలు రెండు నిమిషాలు ఏడిస్తే ఏ హానీ జరగదు.

అప్పటికే అరిచేసి ఉంటే, వాడు నిద్రపోయాక ఏడవడం వల్ల మీకు గాని వాడికి గాని మేలు లేదు. వాడు మెలకువగా ఉన్నప్పుడే ఎదురుగా కూర్చుని, ‘అమ్మకు కోపం వచ్చి గట్టిగా అరిచింది, నువ్వు భయపడ్డావు కదా, అలా అరవకుండా ఉండాల్సింది’ అని చెప్పండి. ‘నువ్వు అల్లరి చేయడం వల్లే’ అన్న తోకను మాత్రం తగిలించవద్దు. అలా చెబితే పిల్లలు నెత్తికెక్కుతారని కొందరు అంటారు. నేను చూసిన ఇళ్లలో జరిగేది వేరు. కొన్నాళ్లకు పిల్లవాడే వచ్చి, బొమ్మ విసిరేసినందుకు ‘సారీ అమ్మా’ అంటాడు. గొడవ తర్వాత మనుషులు మళ్లీ కలుస్తారన్న నమ్మకం పిల్లలకు ఇలాంటి మాటలతోనే కలుగుతుంది.

ఇప్పుడు మీ వారికి నా మాటగా ఇది చదివి వినిపించండి: బాబూ, రోజంతా కష్టపడి వస్తున్నారని నాకు తెలుసు. కానీ వారంలో రెండు రాత్రులు పాప లేచినప్పుడు ఎత్తుకుని, పాల కోసం మాత్రం తల్లికి అందించి, మళ్లీ జోకొట్టే పని మీరు తీసుకోవాలి. ఆదివారం పొద్దున మూడు గంటలు ఇద్దరు పిల్లలతో మీరే బయటకు వెళ్లండి, పాప తినే మెత్తని అన్నమో, రాగి జావో వెంట తీసుకెళ్లండి, ఆ సమయంలో ఆమె పడుకోవాలి గాని ఇల్లు సర్దకూడదు. పొలం పనులు తెరిపిచ్చినప్పుడు అమ్మగారిని పదిహేను రోజులు రమ్మని పిలవండి. సలహాలు ఫోన్లో వచ్చినప్పటికంటే మనిషి వచ్చి పాపను ఎత్తుకున్నప్పుడు ఇంటికి ఎక్కువ బలం.

స్టేటస్‌ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ముప్పై సెకన్ల శ్లోకానికి ముందూ వెనకా ఆ ఇంట్లో జరిగిన పేచీని ఎవరూ వీడియో తీయరు, కాబట్టి కొన్ని నెలలు వాటిని మ్యూట్ చేసుకోండి. పేచీలో బాబు తలను గోడకు కొట్టుకున్నా, ఊపిరి బిగబట్టి నీలంగా మారినా, మాటలు వెనకబడ్డాయనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నా భార్యకు కాన్పై మూడు నెలలు దాటింది. తెనాలిలో పుట్టింట్లో ఉంది, నేను వారాంతాల్లో వెళ్లి వస్తున్నాను. పాప పడుకున్నా తనకు నిద్ర పట్టదు, సరిగా తినదు, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటుంది. మొన్న ‘నేను లేకపోయినా పాపను అమ్మ చూసుకుంటుందిలే’ అంది. బాలింత నీరసమని పెద్దలు తేలికగా తీసుకుంటున్నారు. తనను ఉత్సాహంగా ఉంచడం ఎలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇది ఉత్సాహపరిస్తే తగ్గేది కాదు, వైద్యం చేయించాల్సిన జబ్బు. కాన్పు తర్వాత కొద్ది రోజులు దిగులుగా ఉండడం, ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, అది రెండు వారాల్లో సర్దుకుంటుంది. మూడు నెలలైనా ఉంటే, పాప పడుకున్నా నిద్ర రాకపోతే, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌గా అనుమానించాలి. మీ భార్య అన్న మాటను మాత్రం మామూలు మాటగా వదిలేయకండి. ఈ వారాంతం కోసం ఆగకుండా సెలవు పెట్టి ఈరోజే తెనాలి బయలుదేరండి. మీరు చేరేదాకా ఆమెను ఒంటరిగా ఉంచవద్దని అత్తగారికి చెప్పండి. చనిపోవాలనిపిస్తోందా అని ఆమెనే నేరుగా, మెల్లగా అడగండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మోస్తున్న భారం చెప్పుకునే వీలు కలుగుతుంది. ఔనంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. దాంతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. పాలిస్తూ వాడుకోగల మందులు ఉన్నాయి, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ‘బంగారం లాంటి పాపను పెట్టుకుని ఏడుపేమిటి’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. ఆమెకు ఇప్పటికే తనమీద తనకున్న అసంతృప్తి చాలు.

ప్రశ్న: మా మనవడికి రెండేళ్లు. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళితే నేనే చూసుకుంటాను. ఫోన్ చూపించకపోతే ముద్ద ముట్టడు. రోజూ భోజనం వేళ వస్తోందంటేనే నాకు గుండె దడగా ఉంటోంది.
– ఒక అమ్మమ్మ, కాకినాడ

జవాబు: అమ్మా, ఈ వయసులో మళ్లీ పసిబిడ్డను పెంచుతున్న మీకు నా నమస్కారం. రెండేళ్ల లోపు ఫోన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వరకు పెద్దల పక్కన కూర్చుని రోజుకు గంటకు మించకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. ఫోన్ చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతి కూడా తెలియదు. మీరు తినే వేళకే వాడిని పక్కన కూర్చోబెట్టి, వాడి కంచంలో పప్పన్నం, నెయ్యి వేసి, చేత్తో కెలుక్కోనివ్వండి. అరగంటలో తిన్నంత తిననిచ్చి కంచం తీసేయండి, మళ్లీ తినే వేళ దాకా మధ్యలో బిస్కెట్లు పెట్టవద్దు, మంచినీళ్లు ఇవ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి దానివల్ల ప్రమాదం లేదు. ఈ మార్పు మీ ఒక్కరి మీద పడకుండా అమ్మాయి, అల్లుడు గారు ఇంట్లో ఉండే శనివారం మొదలుపెట్టండి, భోజనాల వేళ వాళ్ల ఫోన్లు కూడా పక్క గదిలోనే ఉంచమని నా మాటగా చెప్పండి.