రోగులను కట్టేయని పాతకాలపు పిచ్చాసుపత్రి ఉందా? మా ఇంటి దగ్గరి హాన్‌వెల్ సంగతి

మీరు రెండు విషయాలు అడిగారు. పూర్వం మానసిక రోగులను గొలుసులతో కట్టేసేవారంటారు కదా, అలా కట్టకుండా చూసిన ఆసుపత్రులు అప్పట్లో ఉన్నాయా అన్నది ఒకటి. మీ పిన్నిగారిని చేర్పించాల్సి వస్తోంది, అక్కడ కట్టేస్తారేమోనని భయంగా ఉంది అన్నది రెండోది. నేను డాక్టర్ని కాను. కానీ లండన్‌కు పడమట హాన్‌వెల్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను, అలాంటి ఆసుపత్రి గోడ మా ఇంటికి పది నిమిషాల నడక. రెండోదానికి మా నాన్న సంగతి చెప్తాను.

మాది కోనసీమ. కాలువలు, లాకులు చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే ఇక్కడికొచ్చిన కొత్తలో గ్రాండ్ యూనియన్ కాలువ గట్టు మీద వరసగా ఆరు లాకులు కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. ఆ లాకుల పక్కనే పొడవాటి ఇటుక గోడ, అందులో ఇటుకలతో మూసేసిన ఒక కమాను ఉన్నాయి. ఒకప్పుడు బొగ్గు పడవలు ఆ కమాను కిందుగా లోపలికి వెళ్లేవట. గోడ అవతల 1831లో మొదలైన మిడిల్‌సెక్స్ జిల్లా పిచ్చాసుపత్రి. పేదల కోసం కట్టింది. ఇప్పుడు దాన్ని సెయింట్ బెర్నార్డ్స్ అంటారు, పాత వార్డుల్లో కొన్ని ఫ్లాట్లయిపోయాయి.

గొలుసుల మాట నిజమే. లండన్‌లోని బెత్లెం ఆసుపత్రిలో జేమ్స్ నారిస్ అనే రోగిని మెడకు ఇనుప పట్టీ వేసి పదేళ్లకు పైగా కట్టి ఉంచారని 1814లో బయటపడింది. అంతకుముందే, 1796లో, యార్క్‌లో విలియం ట్యూక్ అనే టీ వ్యాపారి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ తరఫున రిట్రీట్ అనే ఆసుపత్రి పెట్టాడు. తమ మతస్థురాలు ఒకామె యార్క్ పిచ్చాసుపత్రిలో అయినవాళ్లు చూడటానికి కూడా వీల్లేకుండా చనిపోవడం వాళ్లను కదిలించింది. కాకపోతే రిట్రీట్‌లో ఉన్నది ముప్పై మంది రోగులు. అంతమందిని ప్రేమగా చూడటం కుదురుతుంది. వందల్లో ఉంటే?

దానికి దారి మొదట లింకన్ అనే ఊళ్లో దొరికింది. అక్కడి ఆసుపత్రిలో 1829లో ఒక రోగిని చేతులు కదలని చొక్కా తొడిగి రాత్రంతా మంచానికి కట్టి వదిలేశారు, తెల్లారేసరికి చనిపోయి ఉన్నాడు. ఇకమీద ఎవరినైనా రాత్రి కడితే ఆ గదిలో ఒక మనిషి కాపలా ఉండాలని డాక్టర్ చార్ల్స్‌వర్త్ వాళ్లు నియమం పెట్టారు. నాకు ఇందులో భలే నచ్చింది ఏంటంటే, మనిషి ఎలాగూ పక్కన కూర్చోవాలంటే ఇక కట్టడం దేనికి? అక్కడే పనిచేసిన కుర్ర డాక్టర్ రాబర్ట్ గార్డినర్ హిల్ 1838కల్లా కట్టడమే పూర్తిగా మాన్పించాడు. సరైన భవనం, సరిపడా మంచి సిబ్బంది ఉంటే కట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, అది ఎప్పుడూ హానికరమే అన్నాడాయన. అందరూ ఆ మాటలో రెండో సగమే చెప్పుకుంటారు. అసలు కిటుకు మొదటి సగంలో ఉంది.

1839లో జాన్ కొనాలీ అనే డాక్టర్ హాన్‌వెల్ ఆసుపత్రికి పెద్దగా వచ్చారు. వచ్చేముందు లింకన్ వెళ్లి కళ్లారా చూసొచ్చారు. అప్పటికి హాన్‌వెల్‌లో ఎనిమిది వందల మంది దాకా రోగులున్నారు. జూన్‌లో చేరి, ఎంతమందిని కట్టారో రోజూ లెక్క తెప్పించుకుని, సెప్టెంబర్ 21 నాటికి చేతి పట్టీలు, కాలి సంకెళ్లు, కట్టేసే చొక్కాలు అన్నీ తీసేయించారు. కూర్చోబెట్టి కట్టే కుర్చీలు సుమారు నలభై ఉంటే వార్డుల్లోంచి బయటికి పంపేశారు. మరి రోగి తిరగబడితే? కాసేపు ఒంటరి గదిలో పెట్టేవారు, తల బాదుకునేవాళ్లకు నాలుగు గోడలకూ మెత్తలు పరిచిన గది ఉండేది. ఆ మెత్తల్లో కూరింది ఏంటో తెలుసా? కొబ్బరి పీచు! అది చదివినప్పుడు మా అమలాపురం రోడ్ల పక్క పీచు గుట్టలు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆయన అంతకంటే ఎక్కువ పోరాడింది సిబ్బంది కోసం. అటెండర్లకు జీతాలు పెంచండి, నెమ్మదస్తుల్ని తీసుకోండి అని ఆసుపత్రిని నడిపే మేజిస్ట్రేట్ల కమిటీ వెంటపడ్డారు. అడిగినవన్నీ జరగలేదు. 1844లో అక్కడ కాపురముండే పెద్ద ఉద్యోగం వదిలేసి, తర్వాత కొన్నేళ్లు వచ్చి చూసి వెళ్లే డాక్టర్‌గానే ఉన్నారు. ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు కూడా. ఒక పెద్దమనిషిని ప్రైవేటు పిచ్చాసుపత్రిలో పెట్టడానికి పిచ్చి ఉందని సర్టిఫికెట్ ఇచ్చి, ఆ ఆసుపత్రి దగ్గరే ఫీజు పుచ్చుకున్నారని 1858లో కోర్టులో జ్యూరీ ఆయన్నే తప్పుపట్టింది. హాన్‌వెల్‌లో ఆ శతాబ్దం చివరికి రోగులు రెండు వేలు దాటారు. అప్పటికి ఈ దేశపు పిచ్చాసుపత్రుల్లో క్లోరల్ లాంటి నిద్రమందులు మామూలైపోయాయి. తాడు కనిపించదు, అంతే.

ఇక మా నాన్న. మూడేళ్ల క్రితం న్యుమోనియా వచ్చి మన దగ్గరే ఒక ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. నేను విమానం దిగి వెళ్లేసరికి రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీలకు కట్టేసి ఉన్నాయి. మణికట్టు దగ్గర చర్మం కమిలిపోయింది. జ్వరానికి డెలీరియం, అంటే మతి తప్పి కలవరపడటం, వచ్చి ఆక్సిజన్ మాస్కు పీకేస్తున్నారట. "ఏరా, పశువుని కట్టినట్టు కట్టారేంట్రా" అన్నారు నన్ను చూసి. నాకు కోపం ఆగలేదు, సిస్టర్ మీద అరిచాను. ఆ అమ్మాయి అరవలేదు. "పన్నెండు బెడ్లకి ఇద్దరమే ఉన్నాం సార్. తాతగారు మాస్కు తీసేస్తే మేం చూసేలోపు ఏమన్నా అవుతుంది. మీరు కూర్చుంటారా, విప్పేస్తాను" అంది.

కూర్చున్నాను. డ్యూటీ డాక్టర్ కూడా ఒప్పుకున్నారు. ఆ రాత్రి నాన్న ఏడెనిమిది సార్లు మాస్కు మీద చెయ్యి వేశారు. వేసినప్పుడల్లా ఆ చెయ్యి పట్టుకుని, ఎక్కడున్నారో, ఇవాళ ఏ వారమో చెప్పడమే నేను చేసింది. తెల్లారేసరికి నా నడుము పడిపోయింది, ఆయన మాత్రం కాస్త తెలివిలోకి వచ్చారు. ఇంటికెళ్లాక ఆ సిస్టర్‌ని తిట్టినందుకు సిగ్గేసింది.

ఇది మానసిక ఆసుపత్రి కాదు, నిజమే. కానీ మీ పిన్నిగారి విషయంలో మీ చేతిలో ఒక చట్టం ఉంది. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఒంటరి గదిలో బంధించడమూ కుదరదు. అప్పటికప్పుడు ప్రమాదం ఉండి, వేరే దారి లేకపోతేనే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కదలకుండా పట్టి ఉంచవచ్చు. పేషెంటు తరఫున ఎవరి పేరు ప్రతినిధిగా ఉంటే వాళ్లకు 24 గంటల్లో చెప్పాలి. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న సాకుతో కట్టకూడదని కూడా అందులో రాసి ఉంది.

కాబట్టి చేర్పించే ముందు ఆ ప్రతినిధిగా మీ పేరు రాయించుకోండి. వార్డు చూడటానికి పగలు వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి పది దాటాక ఆ వార్డులో ఎంతమంది పేషెంట్లు ఉంటారు, వాళ్లను చూసుకునేవాళ్లు ఎంతమంది అని అడగండి. వీలైతే ఓ రాత్రి మీరే వెళ్లి లెక్కపెట్టుకు రండి.