లేత ఎండ, ఉబ్బసం, నీ వ్యాసంలో ఒక వాక్యం

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మీ పక్కింటి పిల్లాడు రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని ఊపిరి కోసం పడే అవస్థ, వాళ్ళమ్మ వీపు నిమురుతూ తెల్లవారేదాకా మేలుకోవడం, చాలా బాగా రాశావు. ‘శ్వాసలో శబ్దం’ అనకుండా ‘పిల్లికూతలు’ అన్నావు చూడు, అక్కడ నాకు నీ మీద నమ్మకం కుదిరింది. కానీ చివర్లో ‘రోజూ పొద్దున ఏడింటి లేత ఎండలో నిలబడి విటమిన్ డి తెచ్చుకుంటే ఉబ్బసం తగ్గుతుంది’ అని తేల్చేశావే, ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

నీ వయసులో నేనూ అలాంటిదే రాశాను. ఏదో వంటింటి చిట్కాతో ఆయాసం పోతుందని, ఒక వారపత్రికలో. నెల తిరక్కుండా చిత్తూరు నుంచి ఒకాయన ఉత్తరం వచ్చింది. నా మాట నమ్మి కూతురికి ఇన్‌హేలర్ మానిపించాడట, పది రోజులకు ఆ పిల్లను ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిందట. ఒక్క తిట్టు లేదు అందులో. ‘మీరు రాశారు కదా అని’ అన్నాడంతే. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నీకు ఆ ఆశ ఎందుకు కలిగిందో తెలుసు, ఎందుకంటే ఈ విషయం చదివినప్పుడు నాకూ కలిగింది. పరుపు దుమ్ములో కంటికి కనబడని పురుగులో, వయ్యారిభామ పుప్పొడో అలర్జీ ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టంలోకి వెళ్తే లోపలి పొర కంగారుపడి కబురు పంపుతుంది, టి-హెల్పర్ 2 అనే రోగనిరోధక కణాలు లేచి ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే రసాయనాలు వదులుతాయి, వాటి వెనకే ఇయోసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి, గొట్టం గోడ వాస్తుంది, గళ్ళ పేరుకుంటుంది, గాలికి దారి సన్నబడుతుంది. ఇక మనం ఎముకలకే అనుకునే విటమిన్ డిని అందుకునే గ్రాహకాలు ఈ రోగనిరోధక కణాల్లోనూ ఉన్నాయి. దాన్ని చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమ్ మూత్రపిండాల్లోనే కాదు, ఊపిరి గొట్టం పొరలో కూడా ఉంది. అంటే అవసరమైన చోటే తయారు చేసుకునే ఏర్పాటన్నమాట! ల్యాబ్‌లో టి కణాలకు ఈ చురుకైన విటమిన్ డి ఇస్తే, వాపును అదుపు చేసే ఇంటర్‌ల్యూకిన్ 10 ఎక్కువగా తయారైంది. స్టెరాయిడ్‌కు లొంగని ఉబ్బసం ఉన్నవాళ్ళ కణాల్లో కూడా, స్టెరాయిడ్, విటమిన్ డి రెండూ కలిపి ఇచ్చినప్పుడు, ఆ స్పందన తిరిగి వచ్చిందని 2006లో ప్రచురించారు.

ఇదంతా రాయి, కానీ ఇది గాజుగిన్నెలో జరిగిందని కూడా రాయి. మనుషులకు ఇచ్చి చూసినప్పుడు ఏమైందో నీ వ్యాసంలో సగమే ఉంది. 2014లో అమెరికాలో విటమిన్ డి తక్కువగా ఉన్న 408 మంది పెద్దవాళ్ళకు, 2020లో 192 మంది పిల్లలకు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌తో పాటే దీన్ని ఇచ్చి చూశారు. పిల్లలకైతే రోజుకు 4,000 యూనిట్లు, దాదాపు ఏడాది. తీవ్రమైన ఆయాసం రావడంలో తేడా ఏమీ తేలలేదు. పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సమీక్ష 2016లో మేలుందన్నది, 2023లో కొత్తవి కూడా కలిపి చూస్తే ఆ మేలు కనబడలేదు. నీకు నచ్చిన 2016 దగ్గరే ఆగిపోయావు. చదవడం ఆపేశావో, చదివి వదిలేశావో నాకు తెలియదు. రెండోదైతే మాత్రం ఇకమీదట చేయకు.

‘ఉబ్బసం ఉన్న పిల్లల్లో విటమిన్ డి తక్కువగా కనిపిస్తోంది’ అన్నావు. మీ పక్కింటి పిల్లాణ్ణే చూడు. దుమ్ము పడదని, పరుగెత్తితే ఆయాసం వస్తుందని వాళ్ళమ్మ వాణ్ణి బయటికే పంపదని రాసింది నువ్వే కదా! ఎండ మొహం చూడని పిల్లాడికి విటమిన్ తగ్గక ఏమవుతుంది? జబ్బు వల్ల లోపం వచ్చిందా, లోపం వల్ల జబ్బు పెరిగిందా అన్న ప్రశ్న నీ వ్యాసంలోనే ఉంది, నువ్వే దాన్ని దాటిపోయావు.

లేత ఎండ మాట కూడా మార్చాలి. తిరుపతి ఎండలో చర్మం విటమిన్ డి బాగా తయారు చేసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపేనని మన స్విమ్స్ ఆస్పత్రి వైద్యుల పరిశోధనలో తేలింది. ఇంత ఎండ ఉన్న ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో, ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఈ లోపం చాలా ఉందని 2007లో రాసిందీ అక్కడివాళ్ళే. అలిపిరి పక్కనే ఉంటూ ఈ సంగతి వదిలేసి ఎక్కడెక్కడివో ఎత్తి రాస్తావా?

ఇదంతా చదివి ‘తగ్గుతుంది’ని ‘తగ్గవచ్చు’ చేసి పంపేస్తావేమో, అది నాకు చాలదు. మన ‘వచ్చు’ వెనక రచయిత దాక్కోగలడు, పాఠకుడేమో దాన్ని ‘తగ్గుతుంది’ అనే చదువుకుంటాడు. కణాల్లో కనిపించింది, పిల్లల్లో ఇచ్చి చూస్తే కనబడలేదు, అని విడివిడిగా రాయి. వాక్యం పొడుగైతే అవనీ. లోపం ఉంటే ఎముకల కోసమైనా సరిచేసుకోవాల్సిందే, అది రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి. 60,000 యూనిట్ల పొట్లాలు వారానికొకటి వేసుకోమంటే రోజూ వేసుకునేవాళ్ళున్నారు, అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అదీ చేర్చు.

శుక్రవారం లోపు తిరగరాసి పంపు, చదివి ఫోన్ చేస్తాను. ఇన్‌హేలర్ మానకూడదన్న మాట మాత్రం చివర్లో పెట్టకు, పిల్లికూతలు వినబడే ఆ మొదటి పేరాలోనే ఉండాలి.