బండి బాగోగులు: అడుగు ప్లేటు బిగించేటప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కిడ్ ప్లేట్ల గురించే, అంటే రాళ్లు తగలకుండా బండి అడుగున బిగించే ప్లేట్లు. అందుకే మైలేజీ, బ్యాటరీ ప్రశ్నలు వచ్చే నెలకు పక్కన పెట్టాను.

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళ్యం. మామిడి తోట గుట్ట వాలులో ఉంది. థార్ ఇంజన్ కింద 3 ఎం.ఎం. ఇనుప ప్లేటు చేయించి బిగించినాను. స్ప్రింగ్ వాచర్లు కూడా వేసినారు. అయినా బోల్టులు లూజవుతానే ఉన్నాయి, ఒకటి దారిలో ఎక్కడో పడిపోయింది. గతుకుల్లో ఒకటే గలగల. ఏకంగా వెల్డింగ్ చేయించేస్తే పోదా?

వెల్డింగ్ మాట ఎత్తొద్దు తమ్ముడూ. ఛాసిస్ (బండి చట్రం) మీద ఇష్టమొచ్చిన చోట వేడి పెడితే ఆ చోట ఉక్కు గుణం మారిపోతుంది. పైగా రేపు ఆయిల్ ఛాంబర్ దగ్గర పని పడితే ప్లేటును గ్యాస్ కట్టరు పెట్టి కోయాల్సి వస్తుంది.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. బోల్టు రంధ్రం చుట్టూ రంగు లేచిపోయి, ఇనుము గీత గీసినట్టు తళతళలాడుతోంది. అంటే ప్లేటు అక్కడ పక్కకు జరుగుతోంది, వెనక్కి వస్తోంది. వాచరు కింద మందంగా రంగు, దానిమీద రబ్బరు ముక్క. చప్పుడు రాకూడదని రబ్బరు పెట్టినట్టున్నారు, వచ్చిన చప్పుడంతా దానివల్లే. రబ్బరు నలిగే కొద్దీ బోల్టు పట్టు పోతుంది. మందపాటి రంగు కూడా అంతే, నాలుగు రోజుల్లో అణిగిపోతుంది.

స్ప్రింగ్ వాచరు మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. కానీ బిగించేసరికి అది చదునై మామూలు వాచరైపోతుంది. బోల్టును ఊడదీసేది ముఖ్యంగా పక్కవాటు కదలిక అని యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లోనే ప్రయోగం చేసి చూపించాడు. ఆ కదలిక ముందు స్ప్రింగ్ వాచరు ఆగదు. కాబట్టి ప్లేటు జరగకుండా గట్టిగా నొక్కిపెట్టడమే మన పని.

రబ్బరు తీసెయ్. వాచరు కూర్చునే మేర ప్లేటు రంగు గీకేసి, తుప్పు పట్టకుండా పల్చగా ప్రైమరు పూయించు. బలం తెలిపే 8.8 గుర్తు తలమీద ఉన్న బోల్టులే తీసుకో, గుర్తు లేనివి కిలోల లెక్కన ఇచ్చినా వద్దు. కింద వెడల్పు వాచరు వెయ్యి. పైన నట్టుకు చెయ్యి అందే చోట లోపల నైలాను వలయమున్న నైలాక్ నట్టు, ఛాసిస్‌లోనే మరలున్న చోట మరలను కదలకుండా పట్టే నీలం రంగు జిగురు లాక్‌టైట్. మరల్లో గ్రీజూ మట్టీ ఉంటే లాక్‌టైట్ పట్టదు, బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిచాకే పెట్టు. రాత్రికి బిగించి తెల్లారే గుట్ట ఎక్కించకు, పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు కావాలి. నైలాక్ నట్టు ఒకసారి విప్పితే కొత్తది వేయడమే మేలు. సైలెన్సర్ పక్కన మాత్రం నైలాక్ అసలు వద్దు. లోపలి నైలాను 120 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది, అక్కడ పూర్తి లోహపు లాక్ నట్టు పడాలి.

ఇక బిగించే వరస. చాలా షెడ్లలో ముందు రెండు బోల్టులు పూర్తిగా బిగించేసి, వెనక రంధ్రాలు కలవకపోతే కడ్డీ పెట్టి లాగి ఇరికిస్తారు. ఆ ప్లేటు ఎప్పుడూ గుంజుకునే ఉంటుంది. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకుండా, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి మొదలుపెట్టు. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే రెండు మూడు మరలు ఎక్కాలి. ఒక్కటి ఎక్కకపోయినా ఆగి, ప్లేటు రంధ్రాన్ని ఆకురాయితో సాగదియ్యి. ఛాసిస్ జోలికి పోవద్దు, కొత్త రంధ్రం అసలే వద్దు. అన్నీ ఎక్కాక ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రా. 8.8 బోల్టు 8 ఎం.ఎం.ది అయితే బిగింపు బలం సుమారు 25 న్యూటన్ మీటర్లు, 10 ఎం.ఎం.దైతే 45 నుంచి 50 చాలు. పానాకు పైపు తొడిగి వేలాడితే ఛాసిస్‌లోని నట్టు మరలే పోతాయి. చివర్లో నట్టు మీదుగా ప్లేటు దాకా పెయింట్ పెన్నుతో గీత గీసుకో. గీత విరిగినట్టు కనిపిస్తే బోల్టు కదిలినట్టే. మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి పడుకుని చూడు.

ఇంకొకటి. ఇంజన్ ప్లేటు వెనక గేర్ బాక్సు ప్లేటు కూడా వేయిస్తానన్నావు. రెండూ కలిసే చోట ముందు ప్లేటు వెనక అంచు కిందికి, వెనక ప్లేటు ముందు అంచు దానిపైకి రావాలి, ఇంటిమీద పెంకులు పరిచినట్టు. తిరగబడితే ముందుకు పోయేటప్పుడు రాయి అంచులో తట్టుకుని ప్లేటునే ఒలిచేస్తుంది. బోల్టు తలలు కూడా కిందికి పొడుచుకు రాకూడదు. ఆరు పలకల తల రాయికి రాసుకుని గుండ్రమైతే పానా జారిపోతుంది. ప్లేటులో గుంట చేయించి తల అందులో దాగేలా చేయించు.

ప్రశ్న: తిరుపతిలో ఉంటాను. జిమ్నీకి ఇనుప ప్లేటు మంచిదా, అల్యూమినియమా? కుటుంబంతో తలకోన పోవాలని ఉంది.

తలకోనకు తారు రోడ్డుంది సామీ, ప్లేటు దేనికి? ఆ పక్క అడవి దారుల్లోకి తిప్పాలన్న ఆలోచనే ఉంటే మానుకోండి. అది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, ఫారెస్టు వాళ్లు కేసు పెడితే ఏ ప్లేటూ కాపాడదు.

పొలాలు, వంకలు, క్వారీ దారులు తిరిగేవారైతే చెబుతాను. 3 ఎం.ఎం. ఇనుప రేకు చదరపు మీటరుకు 23 కిలోల పైచిలుకు తూగుతుంది. 6 ఎం.ఎం. అల్యూమినియం 16 కిలోలే. కానీ మన వైపు రాయి గ్రానైటు. దానిమీద ఇనుము జారుతుంది, అల్యూమినియం చెక్కుకుపోయి అతుక్కుంటుంది. ఇనుము వంగితే సమ్మెటతో సరిచేయవచ్చు. చిన్న బండి కదా, బరువు గురించి బెంగ ఉంటే అల్యూమినియమే వేసుకోండి, అయితే వంపులున్న ప్లేటుకు 5052 రకం అడగండి. 6061 గట్టిదే కానీ ఇరుకు వంపు దగ్గర పగులుతుంది. అల్యూమినియం, ఇనుప బోల్టు తాకే చోట తడి మట్టి చేరితే తెల్లగా పొడి రాలుతుంది, ఏటా వానలయ్యాక విప్పి కడగాలి.

ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే. ఇరుసు మధ్యలోని గుండు (డిఫరెన్షియల్) చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి రాయి ముందు దానికే తగులుతుంది. ఛాసిస్‌కు బిగించే ప్లేటు దాన్ని కాపాడలేదు. రాయిని చక్రం కిందికి తెచ్చుకుని ఎక్కించడం నేర్చుకోండి, రెండు చక్రాల మధ్యకు మాత్రం తీసుకోవద్దు.

ప్రశ్న: భాకరాపేట దగ్గర పొలం. డీజిల్ బండి. ప్లేటు వేయించాక పొలం నుంచి వస్తే మాడు వాసన.

ఇది వాయిదా వేసే పని కాదు. ప్లేటుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఎండుగడ్డి ఇరుక్కుని ఉంటుంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తనలో చేరిన మసిని కాల్చుకునేటప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల దాకా పోతుంది, మీ బోద గడ్డికి అంత అక్కర్లేదు. ఇవాళే చల్లారాక ప్లేటు దించి అంతా పీకేయండి. డీపీఎఫ్ కింద ప్లేటు మూసుకుపోయి ఉంటే ఆ భాగం కోయించి తెరిపించండి, తక్కిన చోట గాలి ఆడేలా చీలికలు పెట్టించండి. కోతల కాలంలో ఇంటికి రాగానే టార్చి వేసి కిందికి చూడండి. బండిలో ఒక మంటలార్పే సిలిండరు పెట్టుకోండి, సీటు కింద కాదు, చెయ్యి అందే చోట.

ప్రశ్న: పుంగనూరు నుంచి. ప్లేటు అంచు నుంచి ఆయిలు కారుతోంది. ఇంజన్ లీకేజీ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

ఈ మధ్య ఆయిలు మార్పించారా? ప్లేటుకు ఆయిలు దించే డ్రెయిన్ బోల్టు ఎదురుగా రంధ్రం లేకపోతే ఆయిలు ప్లేటులోనే పడి రోజుల తరబడి కారుతుంది. ప్లేటు విప్పి, డీజిల్ గుడ్డతో తుడిచి, ప్లేటు లేకుండానే రెండు రోజులు ఊళ్లో తిప్పండి. రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరవండి. పొద్దున అట్ట పొడిగా ఉంటే లేత్ షాపులో డ్రెయిన్ బోల్టుకు ఒకటి, ఫిల్టరుకు ఒకటి రంధ్రాలు వేయించి ప్లేటు ఎక్కించుకోండి. మరక పడితే ఆ అట్టనే మెకానిక్‌కు చూపించండి, చుక్క ఎక్కడ పడిందో దాన్నిబట్టి ఆయన వెతుక్కుంటాడు.