అనుల కొట్టింది వాట్సాప్‌ల పెడితే గజిబిజి ఎందుకైతది?

ప్రశ్న: అన్నా, కల్వకుర్తిల నాది చిన్న డీటీపీ షాపు. మొదటి నుంచి అను అనే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌లనే కొడ్త. అర్జీ ప్రింటిస్తే మంచిగనే వస్తది, గదే మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌ల పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు పిచ్చిపిచ్చిగ వస్తున్నయి. సిస్టంల తెలుగు ఎట్ల పెట్టుకోవాలె?

జవాబు: సిస్టంల ఏం ఖరాబు లేదు తమ్మీ. అను ఫాంట్లల్ల ఇంగ్లిష్ అక్షరాల జాగలనే తెలుగు ముక్కలు గీసి పెట్టిన్రు, ఆ ఫాంటు లేని ఫోన్ల తెలుగు పోయి అడుగునున్న అక్షరం బయటపడ్తది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకు వేర్వేరు నంబర్లిచ్చిన పద్ధతి, దాంట్ల తెలుగుకు సొంతంగ 128 జాగలున్నయి, అందుకే ఏ ఫోన్ల చూసినా క అంటే క నే.

విండోస్ 10 గాని 11 గాని అయితే సెట్టింగ్స్‌ల టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు పోయి యాడ్ ఎ లాంగ్వేజ్ కొట్టి తెలుగు ఎంచుకో, డిస్‌ప్లే లాంగ్వేజ్ అన్న దగ్గర టిక్ పెట్టకు, పెడితే మెనూలన్నీ తెలుగైతయి, తర్వాత వెతుక్కోలేక పరేషాన్ అయితవ్. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మారాలంటే విండోస్ మీట పట్టుకొని స్పేస్ కొట్టు.

కీబోర్డు రెండు తీర్లు. ఫొనెటిక్ అంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోని కొట్టుడు, అప్పుడప్పుడు రాసేటోళ్లకు అది చాలు. నువ్వు కొట్టి బతికేటోనివి, ఇన్‌స్క్రిప్ట్ నేర్సుకో అంట నేను, అంటే ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో మీట ఉండే కీబోర్డు. గుణింతాలు, అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి ఎక్కువ వస్తయి. పాలమూరు కొట్టాలంటే హెచ్, ఈ, ఎన్, సీ, టీ, జే, జీ, అంతే, ఏడు మీటలు. వత్తు కావాలంటే నడుమ డీ. కన్నడ, హిందీల కూడా క అదే మీట మీద ఉంటది, నారాయణపేట దిక్కు షాపులోళ్లకు ఇది మస్తు అక్కరకొస్తది.

అను మాత్రం తీసెయ్యకు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, పాత పెండ్లి కార్డుల ఫైళ్లు దాంట్లనే తెరువాలె. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌ల యూనికోడ్ తెలుగు కొట్టినప్పుడు వత్తులు విడివిడిగ పడ్తే పారాగ్రాఫ్ సెట్టింగ్‌ల వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టు. పాత అను మ్యాటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌ల ఉన్నయి గని, మార్చినంక పేర్లు, సర్వే నంబర్లు కండ్లతోని చూడందే అర్జీ ఇయ్యకు.

ప్రశ్న: నకిరేకల్ నుంచి ఒక రిటైర్డ్ సారు. వేళ్లు వంగుతలేవు, మాట్లాడితే కంప్యూటరే రాస్తదా?

జవాబు: రాస్తది సార్. క్రోమ్‌ల గూగుల్ డాక్స్ తెరిచి టూల్స్‌ల వాయిస్ టైపింగ్ నొక్కుండ్రి, భాష తెలుగు పెట్టుండ్రి. మైకు, నెట్టు ఉండాలె. మన యాసల మాట్లాడితే కొన్ని మాటలు దానిష్టం వచ్చినట్టు రాస్తది, పేరాకొకసారి ఆగి దిద్దుకోండ్రి.