కొత్త ఇంటి కరెంటు ప్లాను గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీరిద్దరూ డాలస్ శివారులో సొంత ఇల్లు కొన్నారనీ, వచ్చే నెలలో పాలు పొంగిస్తున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకూ మీ అత్తయ్యకూ కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అదే ఫోనులో మాటల మధ్య మీ అమ్మ మరొక సంగతి చెప్పింది. కరెంటుకు ఇప్పుడు నెలనెలా ధర మారే వేరియబుల్ ప్లాను తీసుకుని, చలికాలం గడిచాక ధరలు చూసుకుని, ఒప్పంద కాలమంతా ఒకే ధర ఉండే ఫిక్స్‌డ్ ప్లానుకు మారతావట. అందుకోసం ఎక్సెల్‌లో లెక్కలు కూడా వేశావట. ఆ లెక్కలు తెప్పించుకుని చూశాను. నిజంగా ముచ్చట వేసింది. మీ ఇద్దరి జీతాలతో, చంకలో ఎనిమిది నెలల పిల్లవాడితో, అంత ఓపికగా నెలవారీ సగటులు కట్టినందుకు నిన్ను మెచ్చుకోవాలి. కానీ తల్లీ, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నీ పట్టికలో నెలల సగటు ఉంది గాని, ఇరవై ఏళ్లుగా ఈ టెక్సాస్‌లో ఉన్న నాకు భయం పుట్టించే ఆ ఒక్క వారం అందులో ఎక్కడా లేదు.

ముందు చిన్న సంగతులు. మీ చిరునామాకు కంపెనీని ఎంచుకునే హక్కు ఉందో లేదో చూసుకో. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల ఆన్‌కార్ అనే తీగల కంపెనీ లైన్ల మీద మనకు నచ్చిన కంపెనీ కరెంటు కొనుక్కోవచ్చు గాని, గార్లండ్, డెంటన్ వంటి ఊళ్లలో మునిసిపాలిటీయే కరెంటు ఇస్తుంది, కొన్ని కాలనీలు సహకార సంఘాల కింద ఉంటాయి. అపార్టుమెంటులో ఉన్న పాత ఒప్పందాన్ని ఇల్లు మారుతున్నామని రుజువు చూపించి రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. ధరలు పోల్చడానికి రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ వారి పవర్ టు చూజ్ సైటు చాలు. ఫోను చేసి తొందరపెట్టే దళారుల మాట వినకు.

ఇక నా భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, కాస్త ఓపికగా చదువు.

మన ఊళ్లో కరెంటు పోతే పోతుంది, వస్తే వస్తుంది, ధర మాత్రం ప్రభుత్వం ఖరారు చేసిన శ్లాబు ప్రకారమే ఉంటుంది. ఆ అలవాటుతో వచ్చిన మనవాళ్లకు, 2002 జనవరి నుంచి ఇక్కడ తెరిచిన ఈ చిల్లర కరెంటు బజారు ఒక వింత. హ్యూస్టన్‌లో మా వీధికి రెండు వీధుల అవతల నా స్నేహితుడొకడు ఉండేవాడు. లెక్కల్లో నీలాంటివాడే. నెలకు కొద్దిపాటి సభ్యత్వ రుసుము కట్టి, టోకు బజారులో కరెంటు ధర ఏ పూట ఎంత ఉంటే అంతకే ఇంటికి తీసుకునే ప్లాను ఒకటి 2020లో తీసుకున్నాడు. మామూలు రోజుల్లో టోకు ధర యూనిట్‌కు 2, 3 సెంట్లు ఉండేది. తీగల ఛార్జీలు కలుపుకున్నా మా అందరికంటే అతని బిల్లే తక్కువ. నెలనెలా ఆ బిల్లు మాకు చూపించి, మీరంతా దండగ కడుతున్నారనేవాడు. అతని మాటలో అబద్ధమేమీ లేదు. ఆ టోకు ధర యూనిట్‌కు 9 డాలర్ల వరకూ పోవచ్చునని నిబంధనల్లోనే ఉంది, 2019 ఆగస్టు ఎండల్లో కాసేపు అక్కడిదాకా పోయింది కూడా. ఆ సంగతి అతనికి తెలుసు. ఏడాదికి ఒకటి రెండు గంటలే కదా అనుకున్నాడు.

2021 ఫిబ్రవరి నడుమ ఆ మంచుతుఫాను వచ్చింది. హ్యూస్టన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 10 సెల్సియస్ దాకా పడిపోయింది. గ్యాసు బావులు గడ్డకట్టాయి, కరెంటు కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. 15వ తేదీ తెల్లవారుజామున రాష్ట్రపు గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ వారు కోతలు మొదలుపెట్టారు. గ్రిడ్ మొత్తం కూలిపోవడానికి అప్పుడు 5 నిమిషాల వ్యవధి కూడా లేదని తర్వాత తెలిసింది. 45 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది, మాకూ పోయింది. కోతలు ఉన్నంతకాలం టోకు ధర గరిష్ఠ పరిమితిలోనే ఉండాలని కమిషన్ ఆదేశించడంతో, ఆ 9 డాలర్ల ధర 19వ తేదీ ఉదయం దాకా దిగలేదు. అతను ఒకటి రెండు గంటలని అనుకున్నది నాలుగు రోజులైంది.

మంగళవారం మధ్యాహ్నం నేనూ మీ అత్తయ్యా దుప్పట్లు కప్పుకుని, మంచు మీద జారుకుంటూ నడిచి ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లాము. వాళ్ల వీధిలో కరెంటు పోలేదని విన్నాము, కాసేపు వెచ్చగా కూర్చుందామని ఆశ. తలుపు తీయగానే లోపలి గాలి బయటి గాలిలాగే తగిలింది. ఇంట్లో దీపం లేదు. ఒకే గదిలో నలుగురూ కోట్లు తొడుక్కుని, తలకు మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. కరెంటు ఉంది, హీటరు బాగానే ఉంది. అతనే బ్రేకరు పెట్టె దగ్గరికి వెళ్లి హీటరు మీట దించేశాడు. ఎడమచేతిలో ఫోను, అందులో ఆ పావుగంట ధర. అప్పటికే బ్యాంకు కార్డు నుంచి డబ్బు విడతలు విడతలుగా కోసుకుంటున్నారు, ఒక కోతకూ మరొక కోతకూ మధ్య పూట వ్యవధి కూడా లేదు. వేరే కంపెనీకి మారదామని పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాడు. ఒకచోట ఎవరూ ఎత్తలేదు, ఇంకొకచోట రోజులు పడుతుందన్నారు. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు సోఫా మూలలో కూర్చుని ఉన్నారు. పెద్దాయన చేతిని నా చేతిలోకి తీసుకుంటే గోళ్ల కింద నీలం కనిపించింది. నాకేం చలి లేదు బాబూ, వాడిని హీటరు వేయమని చెప్పకండి, అన్నారు.

మీ అత్తయ్య ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి ఆ మీట పైకి ఎత్తింది. డబ్బు సంగతి తర్వాత చూసుకుందామని స్నేహితుడితో నేను అన్నాను. ఆ వారం అతనికి మూడు వేల డాలర్లు దాటింది. ఆ డబ్బు అతను మెల్లగా సర్దుకున్నాడు. కానీ తండ్రి చలికి వణుకుతుంటే తాను ఫోనులో ధర చూస్తూ కూర్చున్నానన్న బాధ అతన్ని చాలాకాలం వదలలేదు. అధికారిక లెక్కల ప్రకారం ఆ తుఫానులో 246 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది చలే. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన గోళ్లు గుర్తుకొస్తాయి.

అవన్నీ పాత సంగతులు మావయ్యా, అలాంటి ప్లాన్లు ఇప్పుడు లేవు కదా అంటావు. నిజమే. టోకు ధరను నేరుగా ఇళ్లకు తగిలించే ప్లాన్లను 2021లోనే శాసనసభ చట్టం చేసి నిషేధించింది. గరిష్ఠ ధరను కూడా 2022 నుంచి యూనిట్‌కు 5 డాలర్లకు తగ్గించారు. నువ్వు తీసుకోబోయే ప్లాను ఆ జాతిది కాదని నాకు తెలుసు. ధర గంటగంటకూ మారదు, ఒక్క వారంలో వేల డాలర్లు పోవు. అయితే మొదటి బిల్లు గడిచాక ధర ఎంత పెంచాలన్నది పూర్తిగా కంపెనీ ఇష్టం. తుఫానులో కంపెనీకి తగిలిన నష్టాన్ని రాబట్టుకోవడానికి ముందుగా కనిపించేది ఒప్పందం లేని నీలాంటివారే. రద్దు రుసుము లేదు, ఎప్పుడైనా మారవచ్చునన్నదే కదా నీ ధైర్యం? ఆ స్వేచ్ఛ అక్టోబరులో ఉన్నంతగా గడ్డకట్టే ఫిబ్రవరిలో ఉండదు. ఆ పూట అందరూ ఒకేసారి మారాలని చూస్తారు, ఆ పూట దొరికే ఫిక్స్‌డ్ ధరలు కూడా ఆ వాతావరణాన్ని బట్టే ఉంటాయి.

మీ కొత్త ఇంట్లో గ్యాసు లైను లేదని, హీటు పంపు ఒక్కటేనని మీ అమ్మ చెప్పింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. హీటు పంపు బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగుతుంది. బయట బాగా చలి ముదిరితే అది ఒక్కటీ చాలదు, దానికి తోడు నేరుగా కరెంటుతో కాలే ఆక్జిలరీ హీటు తీగలు వెలుగుతాయి. అవి 10 కిలోవాట్లవి అనుకుంటే, రోజంతా వెలిగితే 240 యూనిట్లు. యూనిట్‌కు 15 సెంట్లు చొప్పున ఫిక్స్ చేసుకున్న ఇంట్లో అది 36 డాలర్లు. నా స్నేహితుడు కట్టిన ధరలో అదే 2,160 డాలర్లు. ధర స్థిరమైనా యూనిట్లు పెరుగుతాయి, బిల్లూ పెరుగుతుంది, కానీ ఎంత పెరుగుతుందో ముందే లెక్క కట్టుకోగలవు. థర్మోస్టాట్ ముందు నిలబడ్డప్పుడు నీ చెయ్యి వెనక్కి రాదు, నాకు కావలసింది అంతే. రాత్రి పొదుపు కోసం బాగా తగ్గించి పొద్దున్న ఒక్కసారిగా పెంచకు. అలా చేసినప్పుడే ఆ తీగలు ఎక్కువసేపు వెలుగుతాయి.

కొన్నేళ్లు లెక్క తీస్తే వేరియబుల్ ప్లాను వారికే లాభం కనిపించవచ్చు, దాన్ని నేను కాదనను. ఆ తేడాను నేను బీమా ప్రీమియం లాగే చూస్తాను. చలికీ ఎండకీ సంబంధంలేని నెలల్లో, పాత ఒప్పందం ముగిసి కొత్త ఇల్లు చేతికి రావడానికి మధ్య ఉన్న ఒకటి రెండు నెలలకు, వేరియబుల్ ప్లాను మంచిదే. నువ్వు మాత్రం సరిగ్గా నవంబరులో మొదలుపెట్టి చలికాలమంతా దానిమీద గడపాలనుకుంటున్నావు. చలి రాకముందు, ఈ అక్టోబరులోనే ధరలు కాస్త నెమ్మదిగా ఉంటాయి. ఇప్పుడే ఫిక్స్ చేసుకో.

ఫిక్స్‌డ్ అని పేరు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని తీసుకోకు. ప్రతి ప్లానుకూ ఎలక్ట్రిసిటీ ఫాక్ట్స్ లేబుల్ అనే కాగితం ఉంటుంది. 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో అందులో వేరువేరుగా రాసి ఉంటుంది. ఈ మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్న ప్లానే నిజంగా స్థిరమైనది. 1000 దగ్గర మాత్రమే ధర అమాంతం తగ్గితే, ఆ మెట్టు ఎక్కినవారికే బిల్లులో కొంత తగ్గించే ప్లాను అని అర్థం. ఆ నెల 990 యూనిట్లు వాడితే ఆ తగ్గింపు మొత్తం పోతుంది. రాత్రి కరెంటు ఉచితమనే ప్లాన్లలో పగటి ధర ఎక్కువ ఉంటుంది, పగలంతా ఇంట్లో పసివాడితో ఉండే మీ అత్తగారికి అది ఏమాత్రం పనికిరాదు. ఇంకొక మాట: ఉన్న ఇంట్లోనే కంపెనీ మారేవారికి 3 పని దినాల్లో వెనక్కి తగ్గే హక్కు ఉంది గాని, కొత్త ఇంట్లో చేరుతూ కరెంటు తీసుకునేవారికి ఆ హక్కు లేదు. అందుకే సరే అనకముందే చదవాలి.

ముగింపు తేదీ మరచిపోవడం మనవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు. ఒప్పందం ముగిసిన రోజున నువ్వు ఏమీ చెయ్యకపోతే కంపెనీ నిన్ను నెలనెలా మారే ప్లానులోకే తోసేస్తుంది. నోటీసులు పంపుతారు, అవి అడ్వర్టయిజ్‌మెంట్లని అనుకుని మనం చూడము. 12 గాని 24 గాని నెలలకు తీసుకుంటే మీది మళ్లీ నవంబరులోనే ముగుస్తుంది, అది మంచిదే. ఆగస్టులో ముగిసే 9 నెలల ప్లాను జోలికి పోకు, ఆ నెలలో ధర ఎక్కి కూర్చుంటుంది. 2023 ఆగస్టు 10న ఈ రాష్ట్రపు వాడకం 85,508 మెగావాట్లకు ఎక్కింది, ఎండలు కూడా చలికి తీసిపోవు. గడువుకు 14 రోజుల ముందు నుంచి రుసుము లేకుండా మారవచ్చు, ఆ తేదీని అల్లుడి ఫోనులోనూ నీ ఫోనులోనూ పెట్టండి.

ఫిక్స్‌డ్ ప్లాను ధరను మాత్రమే పట్టి ఉంచుతుంది, కరెంటును కాదు. కోత పడితే మీ ఇంటికీ పడుతుంది. డిసెంబరులో మీ నాన్నగారు వస్తున్నారు, ఆయనకు ఉబ్బసం. కాబట్టి దళసరి రజాయిలు, బ్యాటరీ దీపాలు, పిల్లవాడి పాలకు వేడినీళ్ల ఫ్లాస్కులు ముందే తెచ్చి పెట్టుకో. బొగ్గుల కుంపటి గాని, గ్రిల్ గాని ఇంట్లోకి తేవద్దు, గరాజులో కారు ఆన్ చేసి కూర్చోవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది, 2021లో హ్యూస్టన్‌లో అలాగే ప్రాణాలు పోయాయి.

ఇంత కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నీకు నచ్చిన రెండు మూడు ప్లాన్ల ఫాక్ట్స్ లేబుళ్లు ఈ ఆదివారంలోగా నాకు పంపు, పాత అపార్టుమెంటులో నెలనెలా వాడిన యూనిట్ల లెక్క కూడా స్మార్ట్ మీటర్ టెక్సాస్ అనే సైటు నుంచి తీసి జతచెయ్యి. కొత్త ఇంటికి అది సరిపోదు గాని, ఒక అంచనాకు వస్తుంది. మీ ఇంటి చదరపు అడుగులూ, హీటరు మీద రాసి ఉన్న కిలోవాట్లూ ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఫొటో తీయమని అల్లుడితో చెప్పు. మిగిలిన లెక్క మనం ఫోనులో కూర్చుని వేసుకుందాం.

పిల్లవాడికి ముద్దులు. మీ అత్తయ్య గృహప్రవేశానికి రెండు రోజుల ముందే బయలుదేరదామంటోంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య